అద్దెకు చచ్చినవాడు

ఉనిలా వాగులో నీళ్లుంటే
గాడిద మీద దాటిస్తాం, తలకు ఇరవై దిర్హాములు.
లేనప్పుడు రాళ్ల మీద అడుగులేసుకుంటూ వాళ్లే వస్తారు,
టోపీలు, నీళ్ల సీసాలు, కర్ర చివర ఫోన్లు.
కోట వైపు తలెత్తి
ఎవరి భాషలో వాళ్లు ఒకే మాట అంటారు:
కాలం ఇక్కడ ఆగిపోయింది.

ఎక్కడాగిందమ్మా!
వానొచ్చిన ప్రతిసారీ వేలెడు గోడ కరిగి వాగులో కలుస్తుంది.
మట్టీ గడ్డీ తొక్కి
మడమలు పగిలేదాకా తొక్కి
మళ్లీ మెత్తుతాను.
మీరిప్పుడు ఆనుకుని ఫోటో దిగిన వెయ్యేళ్ల గోడ
పోయిన సెప్టెంబరుది.
కావాలంటే చూడండి, నా అరచేయి అచ్చు ఇంకా ఉంది.

మా ఆయన పేరు యిదిర్.
మా భాషలో, బతుకుతాడు, అని.
సినిమావాళ్లు దిగిన ప్రతి చలికాలం
రోజుకి మూడొందలకి చచ్చేవాడు.
రోమనుగా చచ్చాడు, రోమన్ల చేతిలో చచ్చాడు,
బాణానికి, బల్లేనికి, ఒకసారి ప్లేగుకి,
ఒకసారి ఎందుకు చస్తున్నాడో వాళ్లు చెప్పనే లేదు.
రాత్రి ఇంటికొచ్చి
హరీరాలో ఉప్పు తక్కువైందనేవాడు.
వాళ్ల నెత్తురు ఉత్త చక్కెర పాకం.
చొక్కా నానబెడితే
బకెట్టు చుట్టూ చీమలు బారు కట్టేవి.

ఒక దర్శకుడు మా డాబా చూసి మురిసిపోయాడు.
డిష్ తీయమన్నాడు, తీశాం.
నీలం డ్రమ్ము తీయమన్నాడు, దొర్లించాం.
దండెం మీద మనవరాలి బడి గౌను కూడా.
చివరికి దుబాసీ చెవిలో ఏదో అన్నాడు.
దుబాసీ మా బంధువే, నా మొహం చూడలేక
నేల చూస్తూ చెప్పాడు,
పిన్నీ, నువ్వు కూడా.

ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో కూర్చున్నాను.
నా నెత్తిమీద ఎవరో రాణి చెప్పులతో నడుస్తూ
యుద్ధం చూసింది.
డబ్బు మాత్రం చెప్పినంతా ఇచ్చాడు, అబద్ధమెందుకు.
అవతలి ఒడ్డున మా ఇంటి కుళాయి
ఆ రాణి పెట్టిన భిక్షే.

వాగు దగ్గర రెండు బురుజుల వాకిలి చూశారు కదా?
చెక్కా ప్లాస్టరూ అది.
ఏదో సినిమాకి కట్టి విప్పడం మరిచిపోయారు.
అన్నిటికంటే ఎక్కువ ఫోటోలు దానికే.
మొదట్లో నిజం చెప్పేదాన్ని.
పాపం, ఎంత దూరం నుంచి వచ్చారో, మొహాలు వాడిపోయేవి.
ఇప్పుడు చెప్పను.
మీకెందుకు చెప్పానో తెలీదు.

యిదిర్ పోయిన రంజానుకి ముందు పోయాడు.
అసలు చావుకి బాణమూ లేదు, గుర్రమూ లేదు,
పన్నెండు రోజుల దగ్గు.
నవ్వకండి,
గుడ్డ కప్పుతుంటే కూడా
లేవరా, ఇంకోసారి తీద్దాం, అని
ఎవరైనా అరుస్తారేమోనని చూశాను.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోటో, గుర్తింపు కార్డుది,
దాని మీద సగం మొహం సర్కారు ముద్ర.
ఉబర్కా హోటల్లో పాత సినిమాల డిస్కులుంటాయి.
పొద్దున్నే వెళ్లాను, గిరాకీ లేనప్పుడు.
వేలమంది సైనికులు, అందరికీ ఒకే ఇనప టోపీ.
వీపుని బట్టి పట్టుకున్నాను.
ఏ రాజు కొలువులో ఉన్నా
ఎడమకాలు కాస్త ఈడుస్తాడు.

ఎనిమిది క్షణాలు, అంతే.
పడేముందు ఒక్కసారి తల తిప్పి
మా డాబా వైపు చూస్తాడు.

అక్కడ రాణి ఉంది.
నేను కింద వంటింట్లో ఉన్నాను.

వెనక్కి తిప్పమన్నాను. తిప్పాడు.
మళ్లీ తిప్పమన్నాను.
నాలుగోసారికి ఉబర్కా
టీ డబ్బులు వద్దన్నాడు.

సరే, పడమట మబ్బు పట్టింది.
ఈ మూల చీకటి పడేలోగా మెత్తెయ్యాలి.
ఊరికే నిలబడ్డారు కదా,
ఆ గడ్డి ఇటు అందుకోండి.
మీరూ ఒక చెయ్యి వేస్తారా,
వెయ్యేళ్ల గోడ మీద?
ముందు ఆ ఉంగరం తీసి జేబులో వేసుకోండి.