వినిపించగానే నొక్కండి

వినిపించగానే నొక్కండి, అంటాను.
పగలంతా నా ఉద్యోగం ఈ ఒక్క మాటే.
రాజాజీనగర్‌లో గాజు కిటికీ గది,
గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి నురుగు,
లోపల ఒక కుర్చీ, కుర్చీలో ఎవరిదో ముసలి చెవి.
నేను బయట కూర్చుని సన్నటి కూతలు పంపుతాను.
అందితే వేలు కదులుతుంది.
అందకపోతే నా కాగితం మీద గీత లోయలోకి దిగుతుంది.

రాత్రి ఇంకో పని.
ఎస్పీ రోడ్డులో బేరమాడి తెచ్చిన సింథసైజరు.
నాలుగు వేలు తగ్గించాడు, ఒక కీ మూగదని.
పై సప్తకంలో పంచమం.
నొక్కితే ప్లాస్టిక్ చప్పుడు, అంతే.
దాన్ని మంచం మీదా నన్ను నేల మీదా పెట్టుకుని
ఇంకా రాని నక్షత్రానికి సంగీతం కడుతున్నాను.

ఉత్తర కిరీటంలో ఉందట అది.
ఎనభై ఏళ్ళకోసారి భగ్గుమంటుందట,
నాలుగు రోజులు కంటికి ఆని మళ్ళీ ముసుగు తన్నుతుందట.
పోయినేడే అన్నారు. రాలేదు.
అసలు ఆ మంట మూడు వేల ఏళ్ళ కిందటే
మండి చల్లారింది.
వెలుగే ఇంకా దారిలో ఉంది,
సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్న బస్సులా.

ఎలా కట్టడం? తాళం లేదు, పల్లవి లేదు.
శ్రుతి మాత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ది.
ఏళ్ళుగా ఒకే స్వరం మీద కూర్చుంది, జరగదు.
మీట తిప్పి తిప్పి నేనే దాని పక్కకి జరిగాను.
రెండు స్వరాలు ఒకటి కాబోయి ఆగిపోతే
మధ్యలో ఒక ఊగు పుడుతుంది,
నిద్రపోయే కుక్క పొట్టలా, నెమ్మదిగా.
దాని మీద నిమిషానికో స్వరం
పాలలో తోడు వేసినట్టు వేసి కదపకుండా వదిలేశాను.
పద్దెనిమిదో నిమిషంలో నక్షత్రం రావాలి.
అక్కడ ఏది పెట్టినా అబద్ధంలా ఉంది.
గంట పెట్టాను. తీసేశాను.
మేడెక్కి చూస్తే బెంగళూరు మబ్బు,
మబ్బుకి అడుగున మెట్రో దీపాల పసుపు,
పక్కింట్లో నీళ్ళ ట్యాంకరు మోటారు.

మంగళవారం చెంగలరాయ నాయుడు వచ్చాడు.
బిన్నీ మిల్లులో ముప్ఫై ఆరేళ్ళు, మగ్గాల మధ్య.
ఆయన గీత నాలుగు వేల దగ్గర బావిలో పడింది.
ఎనభై ఎనిమిదేళ్ళు. మాట్లాడితే ఇప్పటికీ
మిల్లు నడుస్తున్నంత గట్టిగా.
బల్ల మీద నా నక్షత్ర పటం చూసి ఏమిటని అడిగాడు.
కాగితం మీద రాసి చూపించాను.

"నేను సూసినా గదా అమ్మణ్ణీ.
మా నాయన రాత్రి కావలి దిగి వచ్చి లేపినాడు, ఇంకా తెల్లారలా.
నిన్న లేని చుక్క వచ్చుండాది సూడరా, అన్నాడు.
నాకేమో చలి. చుక్కని సూసినానో లేదో.
నాయన వేలు మాత్రం బాగా సూసినాను."

ఆ రాత్రి పాటనంతా కిందికి దించాను.
పైన మెరిసేవన్నీ కోసేశాను,
ఆయనకి ఇంకా తలుపు తీసి ఉన్న వీధుల్లోనే నడిచేలా.
పద్దెనిమిదో నిమిషంలో మూగ కీ నొక్కి
అలాగే పట్టుకుని కూర్చున్నాను, నలభై సెకన్లు.

పై మంగళవారం మిషను కోసం వచ్చాడు.
కుర్చీలో కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ బటన్ చేతికిచ్చి,
ఏమీ చెప్పకుండా పాట పెట్టాను.
ట్రాన్స్‌ఫార్మర్‌కి తల ఊపాడు, పాత చుట్టం కనబడ్డట్టు.
తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనే అనుకున్నాను.
ఖాళీ వచ్చింది.
పది సెకన్లు. ఇరవై.
నా బల్ల మీద చిన్న దీపం వెలిగింది.

మా లెక్కలో అది తప్పు నొక్కుడు.
లేనిదానికి వేలు కదిపితే
కాగితం అంచున ఒక అడ్డగీత పెట్టాలి.
పెన్ను తీశాను.
బయట ఇంకా నలుగురున్నారు, రసీదులు పట్టుకుని.
దీపం వెలుగుతూనే ఉంది.
ఆయన ఇంకా వేలు తీయలేదు.