బండి ఱ

గేట్లన్నీ దించేశాక
బ్యారేజీ కింద రాళ్ల మధ్య మిగిలేది కృష్ణ కాదు,
చెప్పడం మరిచిపోయిన నాలుగు ముక్కలు.
సీతానగరం వైపు, చివరి ఖానాల దిగువన
ఒక్క పాయ మాత్రం ఇంకా పారుతుంటుంది.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి
దానియేలు బాబాయి అక్కడికే వస్తాడు.
వెదురు కర్ర, తంగూసు,
భాసికాలు కట్టేవాళ్లని అడిగి తెచ్చుకున్న జీలుగు బెండు.
"పెళ్లికొడుకు నుదుటికి పోగా మిగిలింది," అంటాడు
దాని కొసకి కూతురి గోళ్లరంగు పూస్తూ.

బెండు కింద రెండు మూరల లోతున సీసం.
కొట్లో కొన్నది కాదు.
గవర్నరుపేటలో మా ప్రెస్సు మూసినరోజు
టైపంతా కిలోల లెక్కన తూకానికి పోతుంటే
ఆయన జీతం బాకీ అడగలేదు.
కేసులో ఒక మూల గది చూపించి
ఇది నాకిచ్చెయ్యి, అన్నాడు.
గదినిండా బండి ఱ.
పక్క గదిలో ర లు అరిగి మొద్దుబారిపోయాయి,
ఇవి నిన్న పోతపోసినట్టున్నాయి.

టైపు ఒంటికి చిన్న గాడి ఉంటుంది.
కరెంటు పోయినా దాన్ని వేలితో తడిమి
అక్షరం తలకిందులైందో లేదో చెప్పేవాడు.
ఇప్పుడా గాడిలో తంగూసు రెండు చుట్లు, ఒక ముడి.

బళ్లో ఏరు అని రాస్తే
ఏఱు అని రాయమని మాష్టారు కొట్టాడట.
ప్రెస్సులో చేరి ఏఱు అని కూర్చితే
ప్రూఫులో కొట్టేసి ఏరు చేశారట.
"నాకేం, చెయ్యి మార్చుకున్నా.
ఏటికి చెప్పారో లేదో."

విసిరాడు.
అక్షరం మునిగింది. బెండు నిలబడింది.

ఒకచోట కూలబడి చూడ్డం కాదు ఆయన గాలం.
బెండుని పాయకి వదిలేసి
నీటికన్నా పిసరు వెనకగా దాన్ని నడిపిస్తాడు.
అడుగున గులకరాళ్ల మీద ఱ
తడుముకుంటూ పోవాలి,
ఎదురుగా జెల్ల తన మీసాలతో తడుముకుంటూ రావాలి.

రైలు వంతెన మీద ఏదో ఎక్స్‌ప్రెస్.
కిటికీల్లోంచి చిల్లర రాలింది నీళ్లలో.
బెండు లెక్కచెయ్యలేదు, ఆయనా చెయ్యలేదు,
నేనే ఉలిక్కిపడ్డాను.

తర్వాత, ఒక్క తల ఊపు.
మళ్లీ ఒకటి.
ఎర్రచుక్క లేదు.

కర్ర విల్లయింది. మోకాళ్లలోతు దిగాం.
బురదరంగు వీపు, పసుపు పొట్ట,
నాలుగు జతల మీసాలు,
అబ్బ, ఎంత పెద్ద మొహం!
పట్టుకోబోయాను.
బొటనవేలి మొదట్లో ముల్లు దిగింది,
తంగూసు పటుక్కుమంది.

"జెల్ల కొట్టడమంటే ఇదిరా,"
పడీపడీ నవ్వి
నా వేలికి చుట్ట బూడిద అద్దాడు.
గాలం పోయింది, సీసమూ పోయింది,
ఏటిలో ఎక్కడో తిరగేసి రాసిన ఒక ఱ
ఈదుకుంటూ పోతోంది.

ఆయన డబ్బాలో చెయ్యిపెట్టి ఇంకోటి తీశాడు.
వెలుగుకెత్తి, ముఖం అరిగిందేమో చూశాడు,
పాత అలవాటు.

నా వేలు మంగళవారం దాకా సలిపింది,
ఫ్లెక్సు షాపులో మౌసు పట్టుకున్నప్పుడల్లా.