ఒకే ఒక్క ప్లగ్గు

బారువ తీరాన పోలమ్మ టీ పాకలో
ఒకే ఒక్క ప్లగ్గు.
గంటకి పది రూపాయలు, టీ వేరే.
తలుపు చెక్క మీద సుద్దముక్కతో
నా లెక్క గీస్తుంది.

వేట బందు రోజులు.
ఒడ్డెక్కిన పడవల నీడల్లో కుక్కలు నిద్రపోతున్నాయి.
సూరాడ దానయ్య నా వెనక బల్ల మీద కూచుని
తెర మీది గళ్ళన్నీ కళ్ళతో తడుముతాడు,
వలలో చిరుగు వెతికినట్టు.

మీటింగులో మేనేజరు:
"ఏమిటా హోరు? కాస్త ఫ్యాను ఆపండి."

ఆపడం నా వల్ల కాదు.
నన్నే మ్యూట్ చేసుకున్నాను.

మూడింటికి కరెంటు పోయింది,
వెనకాలే సిగ్నలూ.
మూసిన లాప్‌టాప్ ఒళ్ళో ఇంకా వెచ్చగా ఉంది.
పోలమ్మ సగం గీసిన గీత దగ్గర ఆగిపోయింది.

దానయ్య జరిగి చోటిచ్చాడు.
"నీకూ బందేనేటి బాబూ?"