సర్వే నెంబరు 214

జిరాక్సు రెండు రూపాయలు.
ఈ కాగితానికి మాత్రం తీసుకుంటలేను.

దేవరకొండ బస్టాండు ఎదురుంగ, నా దుకాణంల,
పదహారు ముక్కలు గమ్ముతోని అతికిస్తే
నేల మీద ఒక గుట్ట లేసింది.
దాని మీద ఎర్ర చుక్కలు ముప్పై ఎనిమిది:
యురేనియం కోసం బోర్లు దించుతమని
కంపెనీ రాసుకున్న జాగలు.

మంగ్తి వంగి చూసింది.
"నా చేనేది?"
214 మీద వేలు పెట్టిన.
"గది నెంబరు. మా ఇప్పచెట్టేది? బర్లు పండే బండేది?"
పటంల చెట్టు లేదు, బండ లేదు.
నా చేతిల పెన్ను గుంజుకొని తనే గీసింది.
అప్పుడు తెలిసింది,
పదకొండో చుక్క
తండా నీళ్లట్యాంకుకు ఆనుకొనే ఉన్నదని.

ఇస్తారి తాడు పట్టుకొని కొలిచొచ్చిండు,
అరవై రెండు మూరలు.
ఫ్లోరైడు నీళ్లకు నడుము వంగినోడు,
"నేల నాకు దగ్గరనే, తప్పు కొలవను" అన్నడు.
ఎవ్వరం నవ్వలే.

పోరగాళ్లు లెక్కల నోటు వెనక
తెల్లజీపు వచ్చిన తారీఖులు రాస్తున్నరు,
సున్నం గుర్తు పెట్టిన రాళ్లు కూడ.
సోమవారం సోమవారం ఆ నోటు
కలెక్టరాఫీసుకు బస్సెక్కుతది,
రసీదు తెచ్చుకుంటది.

నిన్న కొత్త కాగితమొచ్చింది.
చుక్కలు నలభై ఒకటి.
రెండు దొరికినయి.
మూడోది ఎవరి చేన్ల ఉన్నదో
ఇంకా ఎతుకుతున్నం,
టోనరు అయిపోవస్తున్నది,
షట్టరు సగం దించి.