ఒక్క రంధ్రం పైకి

పరానా నది సముద్రం వాసన తగలగానే
ఎటు పోవాలో తేల్చుకోలేక
వేయి పాయలుగా చీలే చోట
నెలిదా రొట్టెల పడవ నడిపేది.
రొట్టెలతో పాటు గ్యాసు బండలు, కోళ్ల దాణా,
ఎవరో బాగుచేయించమన్న గోడ గడియారం.
రోడ్డు లేని దీవులకు ఆ పడవే రోడ్డు.

ఆ శీతాకాలం పాత ఇంజను కన్నుమూసి
అప్పు మీద కొత్తది వచ్చింది, అరవై గుర్రాలది.
గుర్రాలొచ్చాయి గానీ కళ్లెం రాలేదు.
స్పీడు పెంచితే చాలు, ముక్కు ఆకాశానికి లేచేది,
నెలిదా ముందు నది ఉండేది కాదు, మబ్బులుండేవి.
స్టీరింగు మొండి ఎద్దు మెడలా ఒకే పక్కకు లాగేది.
వెనకాల మోకాలెత్తు అల
గట్ల మన్ను కొరుక్కుంటూ వచ్చేది.

ఆ అల రోజూ తగిలేది దోన్యా ఎర్మిందా రేవుకే.
నది వంపులో, చెక్కమెట్ల మీద, ఆరింటికల్లా
మాతే ఆకు కషాయం పట్టుకు కూచునేదా ముసలామె.
అది ఒళ్లో ఒలికాక
నెలిదా ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచేది.
"నా గట్టు తినేశావు, ఇక ఇంట్లోకొచ్చి నన్ను తిను!"
తిట్లన్నీ అయ్యాకే రొట్టె అందుకునేది.

ఆదివారం మా మామయ్య ఆనిసేతో
పడవను ఒడ్డుకు లాగించాడు.
పానాలందించే పని నాది. నాకప్పుడు పదమూడు.
పడవ అడుగుకు ఒక తిన్నని చెక్క ఆనించి చూపించాడు:
ప్రొపెల్లర్ పైనుండే చదును రేకు
అడుగు కన్నా రెండు వేళ్లు కిందికి మునిగి ఉంది.
"పీకల్లోతు నీళ్లలో పరుగెత్తమంటే
ఎవడు మాత్రం పరుగెత్తుతాడు?"

బోల్టులు విప్పాం. గొలుసుకు ఇంజను వేలాడింది
నూనె చుక్కలు కారుస్తూ, అవమానపడ్డట్టు.
రెండు రంధ్రాలు పైకెత్తి బిగించాం.

తిన్నగా పోతున్నంతసేపూ పండగే.
నీటి మీద ఇస్త్రీపెట్టెలా జారింది పడవ.
వంపు రాగానే
ప్రొపెల్లర్ గాలి మింగింది.
ఇంజను కెవ్వుమంది, పడవ పక్కకు జారి రెల్లులో దూరింది.
నెలిదా చేతిలో స్టీరింగు
తెగిన గాలిపటం దారంలా తేలికైపోయింది.
ఇంజను చల్లబడేందుకు చిమ్మే సన్నని ధార కూడా
రెండుసార్లు తుమ్మి ఆగింది.
మామయ్య నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు.
"ఆశ ఎక్కువైంది. ఒకటి దించుదాం."

దించాం. అది సగం మందే.
మిగతా సగం షెడ్డులో మేకుకు వేలాడుతోంది:
నాలుగు రెక్కల పాత ప్రొపెల్లర్,
ఎప్పుడో రాయి తగిలిన అంచు ఆకురాయితో సాపు చేసింది.
"ఇప్పుడున్నది చుట్టు చుట్టుకీ పెద్ద అంగ వేయమంటుంది.
బరువు మోసేవాడికి పెద్ద అంగలెందుకు?
చిన్న అడుగులు, గట్టి పట్టు."
కాటర్ పిన్ను వంచుతూ అన్నాడీ మాట,
నాతోనో, పిన్నుతోనో.

సోమవారం పిండి బస్తాలు ఆరు, నేను, కుక్క.
ఇంజను గొంతు మారింది,
ఎగశ్వాస పోయి ఊపిరి అందినట్టు.
ముక్కు దిగింది. మబ్బుల కింద నది కనిపించింది,
పాలు తక్కువైన కాఫీ రంగులో.
వంపులో పడవ
నీటిని గోళ్లతో పట్టుకున్నట్టు తిరిగింది.
వెనక్కి చూశాను: అల మణికట్టు దాటలేదు.

మెట్ల మీద ఎర్మిందా కళ్లు మూసుకుని ఉంది,
చేతిలో కషాయం తొణకలేదు.
మేం నవ్వుకుంటూ చాలా దూరం పోయాక
వెనక నుంచి కేక:
"చప్పుడు చేయకుండా పోతావా దొంగా!
నా రొట్టె ఏదీ?"

నెలిదా పడవ వెనక్కి తిప్పింది,
ఒంటి చేత్తో.