వేడి మీద

ఆమె రావడానికి గంట ముందే
ఇంజన్ని తిప్పి, వేడి చేసి, ఆపేశాను.
చల్లగా ఉంటే అది తెల్లటి పొగ కక్కుతుంది,
కాస్త తియ్యటి వాసనతో.
ఆ తీపి ఏమిటో తెలిసినవాళ్లకి తెలుసు.

ఇసోబె మినేకో. హచినోహె రేవులో
స్క్విడ్ పడవల డీజిల్ ఇంజన్లు బాగుచేస్తుందట.
ఫోన్లో మాట్లాడినప్పుడు
మొగుడి కోసం అడుగుతోందనుకున్నాను.

చేతి తొడుగు తీసింది.
పసుపు రంగు చూడలేదు, చక్రాల తళుకు చూడలేదు,
ఒక్క మెతుకు పట్టుకు చూసినట్టు
బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

"చివరిసారి ఎప్పుడు నడిపారు?"
"నిన్న."

బయట మైనస్ నాలుగు.
రేకు నా మాట వినలేదు.

ఆమె ఏమీ అనకపోవడమే నాకు కష్టమైంది.
జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి
వెనక చక్రం పైన పెట్టింది. జారి మంచులో పడింది.
"పుట్టీ," అంది, పడినదాన్ని ఏరుకుంటూ.
పైన పటారం లోన లొటారం అనేస్తుందేమోనని
రాత్రంతా వాక్సు పూసిన తలుపులో
నా మొహం నేనే చూసుకున్నాను.

తర్వాత లోపల కూర్చుని
సీటు బెల్టు చివరిదాకా లాగింది.
ఆ మార్చిలో సముద్రం ఊళ్లోకి వచ్చాక
ఇక్కడ పాత బండి కొనే ప్రతివాళ్లూ అలాగే లాగుతారు,
బురద గీత ఉందేమోనని.
లేదు.
"ఆ రోజు ఇది కొండ మీద ఉంది," అన్నాను.
"నేనూ ఉన్నాను. షాపు మూసేసి షికారు కొట్టడానికి వెళ్లాను."
క్షౌరశాల కుర్చీలు రెండూ తర్వాత
రైలు పట్టాల పక్కన దొరికాయి.

బెల్టు మెల్లగా లోపలికి పోయేదాకా
ఆమె చేత్తో పట్టుకునే ఉంది.

ఊరి బయటి రోడ్డు మీద తనే నడిపింది.
నాలుగున్నర వేల దగ్గర రెండో టర్బో అందుకోవాలి.
అర క్షణం తడబడింది.
నేను కిటికీలోంచి వరిమళ్ల మంచు చూస్తున్నట్టు నటించాను.

వచ్చి ఆపి, తాళం తీసి,
"పది నిమిషాలు ఆగుదాం," అంది.

నాకు అర్థమైంది.
పిస్టన్లు లేని ఇంజన్ ఇది. లోపల రెండు త్రికోణాలు
గుండ్రంగా తిరుగుతుంటాయి,
మూల మూలకీ సన్నటి సీలు.
అవి అరిగిపోయినా, చల్లగా ఉన్నప్పుడు
బండి అబద్ధం ఆడగలదు.
వేడెక్కాక ఆడలేదు.

మూడో నిమిషంలో అన్నాను, పొగ సంగతి.
ఆమె తల ఊపింది, రాసుకుంది.
ఐదో నిమిషంలో మూడో గేరు గీరుకుంటుందన్నాను.
కార్పెట్ కింద డ్రైవరు కాళ్ల దగ్గర
ఉప్పు తినేసిన చిల్లు ఉందని, దాని మీద
రేకు ముక్క అతికించానని.
అడగనివి కూడా చెప్పాను:
కుడి కన్ను శుక్లంతో మసకబారిందని,
రాత్రిళ్లు ఎదురు లైట్లు రెండేసి కనిపిస్తున్నాయని.
అది మాత్రం ఆమె రాసుకోలేదు.

పదో నిమిషం.
తాళం తిప్పింది.
తిరిగింది, తిరిగింది, తిరిగింది,
బ్యాటరీ గొంతు బొంగురుపోతుండగా
ఎక్కడో ఓ త్రికోణం గాలిని పట్టుకుంది.

తొమ్మిది లక్షల యెన్లు తగ్గించింది.
నేను బేరం ఆడలేదు.
కాగితాల మీద కురమోచి అని నా ముద్ర వేసేటప్పుడు
అరచెయ్యి చెమర్చి ఉంది, అంత చలిలోనూ.
"ఇంజన్ తెరుస్తాను," అంది, "వసంతానికి."

బండి వీధి మలుపు తిరిగింది.
రైల్వే గేటు గంట మోగింది, తర్వాత
ఆ చప్పుడు ఆగిపోయింది.
ఆపేసిందో, ఆగిందో.

గేటు పైకి లేచింది.
ఖాళీ గ్యారేజీలో నూనె మరక పక్కన నిలబడి
స్టార్టరు తిరగడం లెక్కపెట్టాను.
ఏడు. ఎనిమిది.
తొమ్మిది.