పద్దెనిమిదో కిలోమీటరు

సంతపేటలో ఇంకా తెల్లారలేదు.
కాలేషా అయిదు సైకిళ్ళు గోడకానించి
ఒక్కోదాని టైరూ బొటనవేలితో నొక్కుతున్నాడు,
దోసకాయ ముదురో లేతో చూసినట్టు.

నాకు నీలంది ఇచ్చాడు.
"బ్రేకు కొంచెం ఆలోచించి పడతాదక్కా,
మీరు ముందే మనసులో పట్టుకోండి."

ముప్ఫయ్యేళ్ళు ఈ ఊళ్ళోనే ఉండి
ఊరు చూడ్డానికి డబ్బు కట్టినదాన్ని నేనొక్కదాన్నే.
మిగతా ముగ్గురూ బళ్ళారి వాళ్ళు.

రంగనాయకుల గోపురం, దర్గా, ఇసకతేలిన పెన్న,
అన్నీ గబగబా చెప్పేశాడు
విస్తట్లో ముందు ఉప్పు వడ్డించినట్టు.

మైపాడు రోడ్డెక్కాక
మడులు పోయి రొయ్యల గుంటలొచ్చాయి.
ఓ కరెంటు స్తంభం దగ్గర చెయ్యెత్తాడు.
అక్కడేమీ లేదు.
టీ అంగడి కూడా లేదు.

"దిగండి. గంట కొట్టబాకండి.
మా నాయన ఖాళీ చేపలబుట్ట వెనక కట్టి
నన్ను కడ్డీ మీద కూచోబెట్టుకోని వస్తా
ఈడే తొక్కడం ఆపేవోడు.
సముద్రం ఈణ్ణించే మొదలు వినపడతాది."

నిలబడ్డాం.
ఏరేటర్ల మోత.
ఇంకాసేపు నిలబడ్డాం.
ఏరేటర్ల మోత.

జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు.
వరసగా అడిగాడు, వినపడిందా?
లేదు. లేదు. ఊహూఁ.
నా వంతుకి, పిల్లోడి మొహం చూసి,
వినపడిందన్నా.

"ఎట్ట ఉన్నింది?"

బ్యాంకు కౌంటర్లో ఇరవై ఆరేళ్ళు
దొంగ సంతకాలు పట్టినదాన్ని,
నోరు పెగల్లేదు.
వాడు పెన్నుకి మూత పెట్టేశాడు.
"పదండక్కా, ఎండెక్కతాది."

ఆపైన సముద్రం చూశాం. పెద్దదే.
అలల్లో మోకాలిదాకా నిలబడి బళ్ళారాయన
"వినపడతా ఉంది, రాసుకో!" అని అరిచాడు.
కాలేషా నవ్వాడు. రాయలేదు.

తిరుగు దారిలో, అదే స్తంభం,
కరెంటు పోయింది.
దగ్గరి గుంటలో ఆగాయి చక్రాలు,
తర్వాత అవతలి గుంటలో,
తర్వాత కనపడని వాటిల్లో.
నా బ్రేకు ఏమీ ఆలోచించకుండా పడింది.

డీజిలు డబ్బాతో ఎవరో గట్టుమీద
జనరేటరు వైపు పరిగెత్తుతున్నారు.
ఆ మనిషి చేరేలోపల ఎంతసేపుంటుందో
అంతసేపు.

ముందు కాలేషా ఒక కాలు నేలకానించి
మావైపు తిరగలేదు.
పుస్తకం తియ్యలేదు.